రొద కోసం వెతుకులాట: వినికిడి పరిశోధనకు పనికొచ్చే శబ్ద సేకరణలపై గుంటూరు నుంచి ఒక సమీక్ష

గుంటూరు బ్రాడీపేటలో నేను పనిచేసే వినికిడి పరీక్ష గదికి వచ్చే పెద్దవారిలో చాలామంది దాదాపు ఒకే మాటతో మొదలుపెడతారు. ఇంట్లో ఒక్కరు ఎదురుగా కూర్చుని మాట్లాడితే బాగానే వినపడుతుందని, పెళ్ళిపందిట్లోనో బస్టాండులోనో మాత్రం గొంతు వినపడుతున్నా ఏమన్నారో తెలియడం లేదని అంటారు. నిశ్శబ్దపు గదిలో హెడ్‌ఫోన్లు పెట్టి సన్నని స్వరాలు వినిపించి గీసే ఆడియోగ్రామ్ ఈ ఫిర్యాదుకు సగమే జవాబు చెబుతుంది. అచ్చం ఒకే తీరు ఆడియోగ్రామ్ ఉన్న ఇద్దరిలో ఒకరు ఎంత రొదలోనైనా సంభాషణ అందుకోగలుగుతారు, మరొకరికి రెండో మనిషి నోరు విప్పగానే మాట జారిపోతుంది. ఆ తేడాను పట్టుకోవాలంటే మాటతో పాటు రొదను కూడా కొలిచి వినిపించాలి. ఆ రొదను ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి, దొరికిన వాటిలో ఏది ఎంతవరకు నమ్మదగినది అన్నదే ఈ సమీక్ష.

అరవై దాటి, చెవి మిషన్ వాడుతున్నవారు రొదలో తెలుగు వాక్యాలను ఎంతవరకు అందుకుంటున్నారో చూసే ఒక చిన్న అధ్యయనం నేను పెట్టుకున్నాను. దానికి కావలసిన శబ్దం కనీసం మూడు నాలుగు నిమిషాలు ఆగకుండా సాగాలి. కుదింపు లేని ఫైలుగా ఉండాలి. మధ్యలో చెవిని తన వైపు లాక్కునే అరుపో హారనో ఉండకూడదు, ఉంటే ఎన్నో సెకనులో ఉందో నాకు తెలియాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, రికార్డు చేసిన చోట అసలు శబ్దం ఎన్ని డెసిబెల్లు ఉందో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఈ చివరి షరతు ఎంత అరుదైన వస్తువును అడుగుతోందో మొదలుపెట్టినప్పుడు నేను గ్రహించలేదు.

డబ్బు పెడితే మంచి సరుకు దొరుకుతుందన్న నమ్మకంతో, సినిమాలకూ ప్రకటనలకూ శబ్దాలు అమ్మే ఒక సైటులో భారతీయ రైల్వే స్టేషన్, భారతీయ సంత అనే పేర్లున్న ఫైళ్ళ కట్ట ఒకటి ముందుగా కొన్నాను. హెడ్‌ఫోన్లలో వింటే చాలా దర్జాగా ఉంది. చాయ్‌వాలా కేక, హిందీ ప్రకటన, దూరంగా ఇంజను కూత, అన్నీ తగిన పాళ్ళలో ఉన్నాయి. ఆరు నిమిషాల నిడివి అని వివరణలో రాశారు. నా అధ్యయనానికి మొదట వచ్చినవారిలో రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు. రొద వెనుక నుంచి వినిపించే వాక్యాన్ని తిరిగి చెప్పడమే ఆయన పని. ఐదారు వాక్యాలు చెప్పాక ఆయన హెడ్‌ఫోన్లు కొంచెం పక్కకు జరిపారు.

“డాక్టరమ్మా, ఇది మన బెజవాడ స్టేషను కాదు కదా?”

“కాదండీ బాబాయి గారూ, ఎక్కడో తీసింది. మీరు ఆ వాక్యం ఒక్కటే పట్టించుకోండి.”

“పట్టించుకుంటున్నానమ్మా. కానీ ఆ స్టీలు గ్లాసు ఇప్పటికి మూడుసార్లు పడింది. పడిన ప్రతిసారీ అదే పిల్లాడు దగ్గుతున్నాడు.”

సాయంత్రం ఆ ఫైలును శబ్దాలను కోసి కలిపే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరులో తెరిచి చూస్తే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. 38 సెకన్ల ముక్కను అతుకు కనపడకుండా మళ్ళీ మళ్ళీ కలిపి ఆరు నిమిషాలు చేశారు. వర్ణపటం, అంటే ఏ పౌనఃపున్యం దగ్గర శబ్దం ఎంత ఉందో చూపే పటం, గీయించి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. దీపాల నుంచీ మోటార్ల నుంచీ వచ్చే సన్నని హమ్ 60 హెర్ట్జ్ దగ్గరా, దాని రెట్టింపు 120 దగ్గరా గీతలుగా నిలబడి ఉంది. మన దేశంలో కరెంటు నడిచేది 50 హెర్ట్జ్ మీద. కాబట్టి మన స్టేషన్లో తీసిన శబ్దంలో ఆ గీతలు 50, 100 దగ్గర కనిపించాలి. ఎక్కడో 60 హెర్ట్జ్ దేశంలో తీసిన జనసందోహం మీద హిందీ ప్రకటనను అతికించి భారతీయ స్టేషనుగా అమ్మారన్నమాట. సొమ్ము వాపసు అడిగితే, ఫైలు ఒకసారి దించుకున్నాక వాపసు ఉండదని రెండు వాక్యాల జవాబు వచ్చింది.

సినిమా వారికి ఇది మోసం కాకపోవచ్చు, తెర మీద బొమ్మ ఉంటుంది కాబట్టి చెవి క్షమించేస్తుంది. వినికిడి పరీక్షలో మాత్రం తిరిగి తిరిగి వచ్చే ముక్క ఫలితాన్నే పాడుచేస్తుంది. రొద ఎప్పుడూ ఒకే మందంతో ఉండదు. దానిలో క్షణకాలపు పల్చని చోట్లు వస్తుంటాయి, ఆ సందుల్లోంచి తొంగి చూసే మాట ముక్కలను ఏరుకునే మనం వాక్యాన్ని పూర్తి చేసుకుంటాం. సందు ఎప్పుడు వస్తుందో గ్లాసు చప్పుడును బట్టి ముందే తెలిసిపోతే, అప్పుడు కొలుస్తున్నది వినికిడిని కాదు, జ్ఞాపకాన్ని. ఆ కట్టలోని ఫైళ్ళన్నిటికీ మరో లోపం కూడా ఉంది. ప్రతి దాని గరిష్ఠ స్థాయినీ నెత్తిదాకా లాగి పెట్టారు. లైబ్రరీ గుసగుసా, రైలు ప్లాట్‌ఫారమూ ఒకే బిగ్గరలో మోగుతున్నాయి.

ఆ దెబ్బతో ఉచిత సేకరణల వైపు మళ్ళాను. ముందుగా చెప్పవలసింది ఫ్రీసౌండ్ గురించి. బార్సిలోనాలోని పొంపెవ్ ఫాబ్రా విశ్వవిద్యాలయంలో సంగీత సాంకేతిక పరిశోధన బృందం 2005లో ప్రారంభించిన ఈ సేకరణలో ఇప్పుడు ఆరు లక్షలకు పైగా శబ్దాలున్నాయి. నిడివినీ, శాంప్లింగ్ రేటునూ (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలిచి రాశారన్న లెక్క), లైసెన్సునూ బట్టి వడకట్టి వెతకవచ్చు. పటం మీద చోటు గుర్తు పెట్టిన శబ్దాలను ఊరి పేరుతో చూడవచ్చు. ఎక్కించేవారిలో శ్రద్ధగలవారు ఏ రికార్డరు వాడారో, ఎన్ని గంటలకు తీశారో, గాలి ఎటు వీచిందో కూడా రాస్తారు. నిజం చెప్పాలంటే, కొన్ని వివరణలు శబ్దం కన్నా బాగుంటాయి.

అయితే పరిశోధనకు వాడేవారు రెండు విషయాలు ముందే తెలుసుకోవాలి. పేజీలో నొక్కగానే వినిపించేది కుదించిన నమూనా మాత్రమే. అసలు ఫైలు కావాలంటే ఖాతా తెరిచి దించుకోవాలి. ఈ తేడా చిన్నది కాదు. ఎంపీ3 వంటి కుదింపు పద్ధతులు ఒక శబ్దం మరో శబ్దాన్ని కప్పేసే చోట, కప్పబడిన దాన్ని ఎలాగూ చెవి వినదన్న లెక్కతో తీసి పారేస్తాయి. ఆ లెక్క ఆరోగ్యంగా ఉన్న చెవిని నమూనాగా పెట్టుకుని కట్టింది. ఒక శబ్దం మరో దాన్ని ఎంతవరకు కప్పుతుందో, దెబ్బతిన్న చెవిలో ఆ కప్పడం ఎలా మారుతుందో తెలుసుకోవడానికే పరీక్ష పెట్టి, ఆ సమాధానాన్ని ముందే ఊహించి కత్తిరించిన ఫైలును వినిపిస్తే ఆ పరీక్షకు అర్థం ఉండదు.

రెండోది లైసెన్సు. అక్కడి శబ్దాలలో కొన్ని ఏ షరతూ లేనివి, కొన్ని ఎక్కించినవారి పేరు చెప్పి వాడుకోవలసినవి, కొన్ని వ్యాపారానికి వాడకూడనివి. పరిశోధనకు మూడూ పనికొస్తాయి గానీ, రేపు అదే పరీక్షను ఎవరైనా క్లినిక్కుల్లో రుసుముకు వాడాలనుకుంటే మూడో రకం అడ్డం పడుతుంది. నేను మాత్రం మొదటి రెండు రకాలే దించుకున్నాను. డెసిబెల్ స్థాయి విషయానికొస్తే, ఎక్కించేవారు చాలావరకు శబ్ద ప్రియులే గానీ కొలత చేసేవారు కాదు గనుక, ఆ సమాచారం ఉన్న ఫైలు నా వెతుకులాటలో రెండు చేతుల వేళ్ళకు మించలేదు.

యంత్రాలకు శబ్దాలను గుర్తుపట్టడం నేర్పేందుకు చేసిన సేకరణలను ఇక్కడ త్వరగా దాటేస్తాను. 2014లో వెలువడిన అర్బన్‌సౌండ్8కెలో 8,732 ముక్కలున్నాయి, వాటిలో ఏదీ నాలుగు సెకన్లకు మించదు. మరుసటి ఏడాది వచ్చిన ఈఎస్‌సీ-50లో 2,000 ముక్కలు, ఒక్కొక్కటి ఐదు సెకన్లు. కుక్క అరుపేదో డ్రిల్లింగ్ మిషనేదో కంప్యూటరుకు నేర్పడానికి అవి చక్కగా సరిపోతాయి. ఒక వాక్యం విని తిరిగి చెప్పేలోపే అయిపోయే శబ్దాన్ని నేపథ్యంగా వాడుకోలేం. పరిశోధనా పత్రాల్లో వాటి పేర్లు ఎక్కువగా కనపడతాయి కాబట్టి మా విద్యార్థులు మొదట అక్కడికే పరిగెడుతుంటారు.

నాయిసెక్స్-92 అనే రొదల సేకరణ పేరు పాత పుస్తకాలు చదివినవారికి తెలిసే ఉంటుంది. దానిలోని ఒక్కో శబ్దం 235 సెకన్లు, శాంప్లింగ్ రేటు 19.98 కిలోహెర్ట్జ్. సైనిక అవసరాల కోసం పుట్టిన సేకరణ కాబట్టి ఎఫ్-16 విమానం కాక్‌పిట్టూ, లెపర్డ్ యుద్ధ ట్యాంకూ, మెషిన్‌గన్నూ ఉన్నాయి. మా పేషెంట్లలో ట్యాంకు నడిపినవారు ఇంతవరకు తగల్లేదు. అందులో మనకు అక్కరకు వచ్చేది ఒక క్యాంటీనులో వందమంది మాట్లాడుకుంటుండగా తీసిన మాటల రొద. వందమంది కలిసేసరికి ఏ ఒక్క మాటా విడిగా తెలియదు, దాదాపు వాన హోరులా ఉంటుంది. పాత అధ్యయనాల ఫలితాలతో పోల్చి చూసుకోవాలంటే ఇది దగ్గర పెట్టుకోవడం మంచిదే. అంతకు మించి దాని మీద ఆధారపడమని చెప్పలేను.

నాకు నిజంగా పని జరిగింది రెండు సేకరణలతో. మొదటిది 2013లో వచ్చిన డిమాండ్. వంటగది, లాండ్రీ గది, ఆఫీసు వరండా, ఫలహారశాల, స్టేషను, బస్సు, మెట్రో వంటి చోట్లలో ఒక్కొక్కదాన్నీ ఐదు నిమిషాల పాటు, 16 మైకులున్న ఒక పలక మీద, 48 కిలోహెర్ట్జ్‌లో తీశారు. ప్రతి మైకు శబ్దం కుదింపు లేని విడి వేవ్ ఫైలుగా ఉంటుంది. మూలం పేర్కొని ఎవరైనా వాడుకోవచ్చు. అతుకులు లేవు, గొంతు చించుకునే నాటకీయత లేదు. ఫలహారశాల ఫైలు ఐదు నిమిషాలూ కళ్ళు మూసుకుని విన్నాను. గరిటెలూ కుర్చీలూ జరిగే చప్పుడు ఎక్కడా బెదరగొట్టకుండా, నిజమైన ఒక మధ్యాహ్నం నడిచినట్టే నడుస్తుంది. ఒక చానలు తీసుకుని రొదగా వాడుకునేవారికి ఇంతకన్నా నిక్కమైన సరుకు ఉచితంగా దొరకడం కష్టం.

ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. 16 మైకులున్నాయి కదా అని చెవి మిషన్‌లోని దిశాత్మక మైకులను దీనితో పరీక్షిద్దామనుకునేవారు ఆగి ఆలోచించాలి. ఆ పలక మీద మైకుల మధ్య కనీస దూరం ఐదు సెంటీమీటర్లు. చెవి వెనుక పెట్టుకునే మిషన్‌లో రెండు మైకుల మధ్య దూరం సుమారు ఒక సెంటీమీటరు. మిషన్ ఆ చిన్న దూరంలో వచ్చే సూక్ష్మమైన కాలభేదాన్ని చూసే ముందునుంచి వచ్చేదాన్నీ వెనకనుంచి వచ్చేదాన్నీ వేరుచేస్తుంది. కాబట్టి డిమాండ్ చానళ్ళను నేరుగా మిషన్ మైకులకు బదులుగా పెట్టలేం.

ఆ అవసరం తీర్చేది ఆస్ట్రేలియాలోని మెక్వారీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో ప్రచురించిన ఆర్టీ సేకరణ. గోళాకారంలో అమర్చిన 62 మైకులతో పదమూడు పరిసరాలను తీశారు. లైబ్రరీ నుంచి కాఫీ షాపు, విందు భోజనం, రైల్వే స్టేషను మీదుగా ఫుడ్ కోర్టు వరకు, నిశ్శబ్దం నుంచి గోల దాకా మెట్లు మెట్లుగా ఉంటుంది. నేను మొదట చెప్పుకున్న షరతు ఇక్కడే తీరింది. ప్రతి పరిసరానికీ అసలు శబ్ద స్థాయి తెలుసు, ఆ స్థాయిలోనే తిరిగి వినిపించడానికి కావలసిన సమాచారం ఫైళ్ళతో పాటే ఉంటుంది. పూర్తి రూపంలో వినిపించాలంటే వినేవారి చుట్టూ స్పీకర్ల వలయం కావాలి. అటువంటి గది గుంటూరులో నాకు లేదు. అందుకే హెడ్‌ఫోన్లలో వినడానికి వీలుగా రెండు చెవులకు విడివిడిగా తయారు చేసిన రూపాన్ని వాడాను. వేలం వెర్రిగా ఎన్ని వేల శబ్దాలున్నాయని చూడకుండా, ఉన్న పదమూడింటికి ఇంత శ్రద్ధ పెట్టిన తీరు చూసి, ఈ రంగంలో పనిచేసేవాళ్ళు చేసిన పని అని ఇట్టే తెలిసిపోయింది.

రైల్వే పెద్దాయనను మళ్ళీ పిలిచి ఆ స్టేషను శబ్దం వినిపించాను. ఇది కూడా బెజవాడ కాదన్నారు. ఈసారి గ్లాసు పడలేదని మాత్రం ఒప్పుకున్నారు.

ఆయన మాటను నవ్వుతూ కొట్టి పారేయలేకపోయాను. ఎందుకంటే తెలుగు వాక్యాన్ని ఏ భాష రొదలో వినిపించాలన్న ప్రశ్న అక్కడే ఉంది. 1994లో డెనిస్ బర్న్, ఆయన సహచరులు 12 భాషల్లో మాట శక్తి ఏ పౌనఃపున్యాల దగ్గర ఎంత ఉంటుందో దీర్ఘకాలపు సగటు తీసి చూశారు. ఆ జాబితాలో సింహళం ఉంది గానీ తెలుగు లేదు. భాషకూ భాషకూ మధ్య ఆ సగటులో తేడా తక్కువేనని వారు తేల్చారు. అంటే మాట వర్ణపటానికి సరిపోయేలా మలిచిన నిలకడ రొద, ఆ హుష్ అనే హోరు, ఎవరు చేసినా మనకూ దాదాపు సరిపోతుంది. చెవి మిషన్ల పరీక్ష కోసం చేసిన ఐక్రా శబ్దాలూ, 2010 నాటి ఐఎస్‌టీఎస్ సంకేతమూ మాట వర్ణపటానికి మలిచిన కోవలో ఉచితంగా దొరికే మంచి పరికరాలు. ఐఎస్‌టీఎస్‌ను అమెరికన్ ఇంగ్లీషు, అరబిక్, చైనీస్, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్ మాట్లాడే ఆరుగురు స్త్రీల గొంతులను చిన్న చిన్న ముక్కలుగా కోసి కలిపి చేశారు. మాట నడకా, విరామాలూ ఉంటాయి గానీ ఏ భాషవారికీ ఒక్క ముక్కా అర్థం కాదు. చెవి మిషన్‌ను కొలవడానికి నేను రోజూ వాడేది ఇదే, దానిలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

అయితే ఇద్దరో ముగ్గురో మాట్లాడుకుంటున్న రొద సంగతి వేరు. అక్కడ శబ్దం శబ్దాన్ని కప్పడంతో ఆగదు, అర్థం అర్థానికి అడ్డుపడుతుంది. పక్కవారి మాట అర్థమవుతున్నకొద్దీ మనసు అటు జారుతుంది. ఇంగ్లీషు వాక్యాలను ఇంగ్లీషు మాట్లాడేవారికి వినిపించేటప్పుడు, వెనుక ఇద్దరు ఇంగ్లీషులో మాట్లాడితే మాండరిన్‌లో మాట్లాడినప్పటికన్నా ఎక్కువ కష్టమవుతుందని వాన్ ఎంగెన్, బ్రాడ్‌లో 2007లో చూపించారు. ఆ లెక్కన సిడ్నీ ఫుడ్ కోర్టు గోలలో తెలుగు వాక్యాన్ని సులువుగా అందుకున్న పెద్దాయన, మా బంతి భోజనాల్లో అలాగే అందుకుంటారని చెప్పడానికి లేదు. నిలకడ రొదను అరువు తెచ్చుకోవచ్చు, మాటల రొదను మాత్రం మన భాషలో మనమే చేసుకోవాలి.

దానికి ముడిసరుకు దొరికింది. మాటల సేకరణలను ఉచితంగా పంచే సైటు ఓపెన్ఎస్ఎల్ఆర్‌లో 66వ సంఖ్యతో గూగుల్ పరిశోధకులు పెట్టిన తెలుగు మాటల సేకరణ ఉంది. స్త్రీలూ పురుషులూ చదివిన చిన్న వాక్యాలు 48 కిలోహెర్ట్జ్‌లో శుభ్రంగా ఉన్నాయి. మూలం చెప్పి, అదే షరతుతో తిరిగి పంచుకునేలా లైసెన్సు ఉంది. నలుగురి గొంతులు ఎంచి, వాక్యాల మొదటా చివరా ఉన్న నిశ్శబ్దాన్ని కోసి, ఒక్కొక్కరి వాక్యాలను వరుసగా పేర్చి, అందరి సగటు స్థాయిని సమం చేసి కలిపాను. ఒకరికి మరొకరు తోడైనప్పుడు మొత్తం స్థాయి మూడు డెసిబెల్లు, నలుగురైతే ఆరు, ఎనిమిది మందైతే తొమ్మిది పెరుగుతుందని గుర్తుంచుకుని చివర మళ్ళీ తగ్గించుకోవాలి. ఇది మర్చిపోయే నేను ఒక రోజంతా పరీక్షలు తప్పుగా నడిపి, ఆ కాగితాలన్నీ పక్కన పడేయాల్సి వచ్చింది.

తయారైన రొద వింటే మొదట ముచ్చటేసింది, తర్వాత ఏదో వెలితిగా తోచింది. కారణం చదువుతున్న తీరులో ఉంది. స్టూడియోలో ప్రశాంతంగా చదివే గొంతులను నలభై కలిపినా పెళ్ళి గోల కాదు. చుట్టూ హోరున్నప్పుడు మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు, స్వరం పైకి పోతుంది, పై పౌనఃపున్యాల్లో శక్తి పెరుగుతుంది. ఎత్యెన్ లొంబార్ 1911లో వివరించిన ఈ ప్రభావం ఏ సేకరణలోని చదివిన మాటల్లోనూ ఉండదు. అది కావాలంటే నిజమైన గోల దగ్గరికే వెళ్ళాలి.

కాబట్టి ఆఖరి సమీక్ష నా సొంత రికార్డింగులదే. విజయవాడలో మా అక్క కూతురి పెళ్ళికి, రెండు వైపులవారి అనుమతి తీసుకుని, చేతిలో పట్టే రికార్డరును బంతి చివర స్తంభం పక్కన స్టాండు మీద పెట్టాను. ఫోనుతో తీయవద్దని గట్టిగా చెబుతాను. ఫోను మైకు నేపథ్యాన్ని అణచడానికే తయారైంది, మనకు కావలసింది ఆ నేపథ్యమే. రికార్డరులో కూడా స్థాయిని తానే పెంచి తగ్గించే సదుపాయాన్ని ముందు ఆపేయాలి. లేకుంటే పెద్ద శబ్దం రాగానే మొత్తం నొక్కుకుపోయి, సద్దుమణగగానే ఉబ్బుతుంది. తీయడానికి ముందు మైకు మీద క్యాలిబ్రేటరును, అంటే తెలిసిన స్థాయిలో స్వరం పలికే చిన్న పరికరాన్ని, బిగించి 1000 హెర్ట్జ్, 94 డెసిబెల్ల స్వరాన్ని ఇరవై సెకన్లు రికార్డు చేసి, ఆ తర్వాత స్థాయి మీటను ముట్టుకోకూడదు. ఆ ఒక్క స్వరం ఫైలు మొదట్లో ఉంటే, పదేళ్ళ తర్వాత ఎవరు తెరిచినా ఆ పందిట్లో గోల ఎంతో లెక్కగట్టవచ్చు. నేను చూసిన సేకరణల్లో చాలావాటికి కొరతపడినవి సరిగ్గా ఆ ఇరవై సెకన్లే.

ఫలితం సగం బాగుంది. స్టీలు బకెట్ల చప్పుడూ, అన్నం అన్నం అంటూ వరుస వెంట నడిచే కేకా, దూరంగా సన్నాయీ ఏ సేకరణలోనూ లేనివి. కానీ స్తంభానికి దగ్గరగా కూర్చున్న మా పెద్దమ్మ పులిహోరలో ఉప్పు గురించీ, వియ్యాలవారి గురించీ వెలిబుచ్చిన అభిప్రాయాలు అక్షరం పొల్లు పోకుండా పడ్డాయి. అటువంటి మాటలు వినేవారి మనసును లాక్కుంటాయి, పైగా మరొకరి సంభాషణను పరీక్షకు వచ్చినవారికి వినిపించడం తగదు. ఆ భాగాలు తీసేసి, మిగిలినదాన్ని మూడు ముక్కలు చేసి ఒకదాని మీద ఒకటి జరిపి వేస్తే ఏ మాటా విడిగా తెలియని నిండు రొద వచ్చింది. పండిట్ నెహ్రూ బస్ స్టేషన్లో తీసినదానికి ఇంత శ్రమ పట్టలేదు. అక్కడి చిక్కు ప్రకటనలతో. దయచేసి వినండి అనగానే అందరి చెవులూ ఆటోమేటిక్‌గా అటు తిరుగుతాయి, పరీక్షలో కూర్చున్నవారు కూడా వాక్యం వదిలేసి తమ ఊరి బస్సు కోసం వింటారు. ప్రకటనలు లేని నాలుగు నిమిషాలు ఏరుకున్నాను.

ఇప్పుడు నా అధ్యయనంలో స్థాయి తెలిసిన పరిసరాలకు ఆర్టీ, అతుకుల్లేని నిడివికి డిమాండ్, నిలకడ రొదకు ఐక్రా, తెలుగు మాటల రొదకు నేను కలిపిన నలుగురి ఫైలూ పెళ్ళి ఫైలూ వాడుతున్నాను. ఫ్రీసౌండ్‌ను వదల్లేదు. వాన, జెనరేటరు, పాత సీలింగ్ ఫ్యాను వంటి విడి శబ్దాలకు ఇప్పటికీ అక్కడికే వెళ్తాను. కొన్న కట్ట మాత్రం, రొదలో అతుకులు ఎలా పట్టుకోవాలో విద్యార్థులకు చూపించడానికి పనికొస్తోంది. రైల్వే పెద్దాయన చెప్పిన గ్లాసు ఎన్నో సెకనులో పడుతుందో కనిపెట్టమంటే, ముగ్గురిలో ఇద్దరు రెండో చుట్టుకే చేయి ఎత్తారు.

ఇంకొక్కటి మిగిలింది. హమాలీల కేకలూ టిక్కీలు (మిర్చి బస్తాలు) పడే బరువైన చప్పుడూ కలిసిన రొద మరెక్కడా దొరకదన్న ఆశతో సీజనులో మిర్చి యార్డుకు వెళ్ళి పదకొండు నిమిషాలు తీశాను. క్యాలిబ్రేటరు స్వరం శుభ్రంగా ఉంది, స్థాయి ఎక్కడా నెత్తికి తగల్లేదు, గాలి గుడ్డ కూడా బాగానే పనిచేసింది. ఆ తర్వాత మొత్తం మీద ఇరవై మూడు తుమ్ములు ఉన్నాయి. వాటిలో పంతొమ్మిది నావే.